అత్త మెచ్చిన చాక్లెట్ ఉండలు

మా అత్త ట్రఫుల్ అనదు, ఉండ అంటుంది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. డార్క్ చాక్లెట్ తురిమి, దాని మీద వేడి క్రీము పోసి, అది గడ్డకట్టేదాకా కాచుకుని, అరచేతుల్లో గుండ్రంగా తిప్పి, కోకో పొడిలో దొర్లించి నేనొక డబ్బా తయారుచేస్తే, ఆమె దాన్ని తీసుకెళ్లి నువ్వుండల పక్కన కూర్చోబెట్టేసింది. ఇప్పుడు నేనూ ఉండలనే అంటున్నాను. డబ్బా మీద మాత్రం ట్రఫుల్స్ అని రాస్తాను, కర్నూల్లో కొనేవాళ్ల కోసం.

మేముండేది ఓర్వకల్లుకు దగ్గర్లో, రోడ్డు పక్క ఊరు. ఇంటి వెనక రాళ్ల గుట్ట. ఎండాకాలం పొద్దున ఎనిమిదికే ఆ రాళ్ల సెగ వంటింట్లోకి వచ్చేస్తుంది. అలాంటి చోట చాక్లెట్ పని పెట్టుకోవడం తెలివైన పని కాదని నాకూ తెలుసు. నేను చదువు చెప్పే ప్రైవేటు బడి కరోనాలో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. ఊరికే కూర్చోలేక ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మా ఆయన కర్నూల్లో పనికి పోతూ డబ్బాలు బండి మీద పెట్టుకుని ఇచ్చొస్తాడు. ఉండలు కరిగిపోకుండా పడకగదిలో ఏసీ పెట్టించినప్పుడు అత్త గడపలో నిలబడి, "మనుషులకు లేని సల్లదనం ఉండలకా" అంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఆమె నిద్ర కూడా ఆ గదిలోనే.

అత్త గురించి చెప్పాలంటే ఉప్పు గురించి చెప్పాలి. మా ఊరి చర్చిలో ఏ విందు జరిగినా, సంఘంలో ఎవరింట్లో పెళ్లి జరిగినా, కూర దించే ముందు ఆమెను పిలుస్తారు. "ఉప్పు సూడక్కా" అంటారు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి అరచేయి చాపుతుంది. గరిటెతో ఒక చుక్క పోస్తారు. నాలుకతో అద్దుకుని, కళ్లు మూసుకుని, బాగుంటే "ఊ" అంటుంది. లేకపోతే ఏం తక్కువైందో అది అంటుంది. ఆమె ఊ అనేదాకా ఎవరూ విస్తరి వెయ్యరు. కూలికి పోయి, మెరక చేన్లో వేరుశనగ బుడ్డలు పెరికి పిల్లల్ని పెంచుకున్న మనిషి ఆమె. ఊళ్లో ఆమెకు దక్కిన పెద్దరికం అదొక్కటే. పాస్టరుగారైనా సరే, ఆకలితో ఉన్నా సరే, ఆ చుక్క దగ్గర ఆగాల్సిందే.

నేను రాజంపేట దగ్గరి పిల్లను. మా పక్క కూరలో కారం కాస్త ముందుంటుంది. పెళ్లయిన కొత్తలో నేను చేసిన పప్పు నోట్లో పెట్టుకుని, అత్త చెంబుడు నీళ్లు తాగి, "మీ కడపోళ్లకు నాలికలుండవా మేయ్" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. కారం తగ్గించాను. తగ్గిస్తే ఉప్పు ఎక్కువైందంది. ఉప్పు సరిచేస్తే చారులో చింతపండు ఏడుస్తోందంది. పదకొండేళ్లు ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె మొహం చూశాను. ఒక్కసారి కూడా ఊ అనలేదు. బయటికి నాకేం పట్టనట్టే ఉండేదాన్ని. లోపల మాత్రం ఆ ఒక్క ఊ కోసం పరీక్ష రాసిన పిల్లలా ఎదురుచూసేదాన్ని.

పోయిన వానాకాలం కర్నూలు నుంచి ఒకామె ఫోన్ చేసింది. కొత్త ఇంట్లోకి దిగుతున్నారట. వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికి డబ్బాలు కావాలి, రెండు రకాలు చాలు, ఏవి బాగుంటాయో మీరే చెప్పండి అంది. అంత పెద్ద పని నాకు అదే మొదటిది. ఐదు రకాలు చేసి స్టీలు పళ్లెంలో వరుసగా పెట్టుకుని కూర్చున్నాను.

మొదటిది ఉత్త డార్క్. అది నోట్లో పెట్టుకోగానే మంచిగా ఉండదు. ముందు చేదు, తర్వాత పచ్చి వక్క కొరికినట్టు వగరు, అంతా అయిపోయిందనుకున్నాక ఎక్కడినుంచో కాస్త తీపి. ఓపిక ఉన్నవాళ్లకు అది నచ్చుతుంది. రెండోది కాఫీది. రెండు చేదులు కలిస్తే ఒకదాన్ని ఒకటి కప్పుకుని మెత్తబడతాయి. నాకు అదంటే ఇష్టం. మూడోది బెల్లం, సొంటి. బెల్లానికీ చాక్లెట్‌కూ అస్సలు పడదు. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్లు తిరిగినట్టు దేని దారి దానిదే, మధ్యలో సొంటి వచ్చి గొంతు వెచ్చబెట్టి పోతుంది. నాలుగోది బుడ్డలది. దోరగా వేయించి, పొట్టు ఊది, బరకగా దంచి కలిపాను. దాన్ని కాదనేవాళ్లు ఈ సీమలో ఉండరు. ఐదోది ఎండుమిరపది. అది నా మొండితనం. రాజంపేట నుంచి మా అమ్మ పంపిన మిరపకాయలు వేయించి, పొడికొట్టి, పలచటి గుడ్డలో జల్లించి, చిటికెడు ఉప్పుతో కలిపాను. ముందు ఉత్త తీపే. మింగేశాక, ఇంక అయిపోయిందిలే అనుకున్నాక, నాలుక మొదట్లో మెల్లగా అంటుకుంటుంది.

ఐదూ నాకు మంచివిగానే కనిపించాయి. మా ఆయన్ని అడిగితే అన్నీ బాగున్నాయన్నాడు. ఆయన అన్నంలో నీళ్లు పోసి పెట్టినా అదే మాట అంటాడు. ఇంక అత్త దగ్గరికి తీసుకెళ్లక తప్పలేదు. తిట్లు తినడానికి సిద్ధపడే పళ్లెం ఆమె ముందు పెట్టాను.

డార్క్ ఉండ నోట్లో వేసుకుంది. "బాగుండాది" అంది. నేను సరిగా వినలేదనుకున్నాను. కాఫీది వేసుకుంది. "ఇది గూడా బాగుండాది." బెల్లందీ బాగుండాది, బుడ్డలదీ బాగుండాది. మిరపది నోట్లో పెట్టుకుని నములుతూ నములుతూ ఆగింది. కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసింది. ఇప్పుడొచ్చిందిరా తిట్టు అనుకున్నాను.

"ఇది ఇంగొకటి ఉండాదా?" అంది.

మూడు తినింది. తిని, వేళ్లు నాకి, "ఇదే మేయ్. ఇదే శానా బాగుండాది" అంది.

నేను పళ్లెం అక్కడే వదిలేసి పెరట్లోకి పోయి మా అమ్మకు ఫోన్ చేశాను. మా అత్త మిరపకాయ మెచ్చుకుందమ్మా, మూడు తినింది అని చెప్పాను. మా అమ్మ నవ్వి, ఆయమ్మకు ఒంట్లో బాగుందా అని అడిగింది. వేళాకోళంగానే అడిగింది. నాకు మాత్రం లోపల చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. పప్పులో కారానికి చెంబు నీళ్లు తాగిన మనిషి మిరప ఉండలు మూడు ఎలా తినింది? ఐదింటికీ ఒకే మాట ఎందుకంది? అడగొచ్చు. అడగలేదు. పదకొండేళ్లకు వచ్చిన మెప్పు, దాన్ని గిల్లి చూసుకోవాలనిపించలేదు.

మిరపదీ కాఫీదీ ఇస్తానని కర్నూలు ఆమెకు చెప్పాను. ఇవ్వాల్సింది శుక్రవారం. శుక్రవారం మాకు చర్చిలో ఉపవాస కూటం. మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప నోట్లో ఏమీ పెట్టను. వేలికి అంటుకున్నది కూడా నాకను. ముందురోజు మధ్యాహ్నమంతా కరెంటు లేదు. ఫ్రిజ్‌లో క్రీము బాగుందో లేదో అని ఒకసారి వాసన చూశాను గానీ, పక్కనే కాఫీ డికాషన్ మరుగుతుంటే ఏం తెలుస్తుంది. పొద్దున్నే ఉండలు చుట్టి, ఒకటి అత్తకు పెట్టాను.

"నేను ఒక్కపొద్దుండాను. కాస్త చూసి చెప్పత్తా."

"శానా బాగుండాది. పంపీ."

మా ఆయన డబ్బాలు కట్టుకుని పదింటికి వెళ్లిపోయాడు. ప్రార్థన అయ్యి ఇంటికొచ్చి, గంజి తాగి, మిగిలిన కాఫీ ఉండ ఒకటి నోట్లో వేసుకున్నాను. పులుపు. కాస్తో కూస్తో కాదు, రెండ్రోజుల మజ్జిగ పులుపు. ఉమ్మేసేలోపే ఫోన్ మోగింది. ఆ ఇంటామె ఏడుపు గొంతుతో, చుట్టాల ముందు తల కొట్టేసినట్టయిందని, మీకు నోరు లేదా, రుచి చూసి పంపరా అని అడిగింది. తప్పయిందని చెప్పాను. అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

ఆ సాయంత్రం నాకు వచ్చింది జాలి కాదు, కోపం. గడపలో ఉండి పెరుగు ఏ రోజుదో చెప్పే మనిషి ఈమె. ఆమెకు పులుపు తెలియలేదంటే నమ్ముతానా? కావాలనే చేసింది, నా పేరు చెడగొట్టాలనే బాగుండాదంది, పదకొండేళ్లు తిట్టి చాలక ఇప్పుడు పొగిడి దెబ్బ కొట్టింది అనుకున్నాను. ఇలా రాయడానికి నాకు మనసొప్పడం లేదు. కానీ నేను అనుకున్నది అదే.

అందుకే ఆదివారం ఆ పని చేశాను. తీపి లేని కోకో పొడి, వెన్న, గుప్పెడు ఉప్పు కలిపి రెండు ఉండలు చుట్టాను. చూడ్డానికి మిగతావాటిలాగే ఉన్నాయి. చర్చి నుంచి వచ్చాక ఆడబిడ్డ కూడా మా ఇంటికే వచ్చింది. ముగ్గురం వరండాలో కూర్చున్నాం. పళ్లెం అత్త ముందు పెట్టి, "కొత్త రకం, చూడత్తా" అన్నాను. అబద్ధం చెబుతున్నట్టు నా గొంతు నాకే వినిపించింది. ఆమె ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. నేను ఆపేలోపే ఆడబిడ్డ రెండోది వేసుకుని, ఒక్క కొరుకు కొరికి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది.

"ఏందొదినా ఇది, ఉప్పు గడ్డ" అంటూ అక్కణ్నుంచి దగ్గుతోంది.

అత్త నమలడం ఆపలేదు. కూతురు ఉమ్మేసిన చప్పుడు వినింది. నా మొహం చూసింది. నమిలి, మింగి, పమిటతో మూతి తుడుచుకుంది. "నాకు బాగనే ఉండాది" అని లేచి లోపలికి పోయింది. నా కోపం ఎటుపోయిందో తెలియదు. పంచదార అనుకుని ఉప్పు వేసేశానని ఆడబిడ్డకు ఏదో చెప్పి పంపించాను.

ఆమె వెళ్లాక అత్త పక్కన మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి అత్తా?"

"ఆ జరం వచ్చినప్పట్నుంచి."

కరోనా రెండోసారి ఊళ్లోకి వచ్చినప్పుడు ఆమెకు పది రోజులు జ్వరం. వాసన తెలియడం లేదని అప్పుడు చెప్పింది. అందరికీ పోయింది, అందరికీ వచ్చింది, ఆమెకూ వచ్చిందనుకున్నాం.

"ముందు వాసన పాయె. ఆమైన నోరు పాయె. మంట తెలుస్తాది, సల్లన తెలుస్తాది. గట్టిగుండాదా మెత్తగుండాదా తెలుస్తాది. అంతే. ఏం తిన్న్యా నోట్లో ఏదో మెదుల్తాందని తప్ప ఏమీ ల్యా."

"మరి ఇన్నాళ్లూ చర్చిలో ఉప్పు చూస్తాండావు కదా."

"నోరు సూసేది యాడుండాది. సెయ్యి సూస్తాది. ఇంత కూరకు ఇన్ని పిడికిళ్లని సేతికి తెల్సు. నేనేస్తి, నేనే ఊ అంటి." తన పిడికిలి మూసి తెరిచి చూసుకుంది. "నీ ఉండలకు నా కాడ పిడికిలి ల్యా. ఆడ దొరికిపోతి."

"మరి బాగుందని ఎందుకన్నావు?"

"బాగలేదంటే యేం బాగలేదో సెప్పాల గదా మేయ్."

ఆ జ్వరం తర్వాతి నాలుగేళ్లలో ఆమె నన్ను అన్న మాటలన్నీ ఒకటొకటే గుర్తొచ్చాయి. ముక్కలు పెద్దగా కోసినావు. పప్పు మెదగలే. సంగటి గడ్డలు కట్టింది. అన్నీ కంటికీ పంటికీ తెలిసేవే. ఉప్పు మాట ఎత్తడం మానేసిందని నేను గమనించనేలేదు. నా వంట బాగుపడిందనుకున్నాను. ఆమె తిట్టిందని నేను ఇంట్లో కారం తగ్గించేశాను కాబట్టి, ఆ మంట ఒక్కటీ ఆమె నోటికి తగలకుండా పోయింది. నాలుగేళ్ల తర్వాత తగిలింది ఆ మిరప ఉండ. అందుకని మూడు తినింది. నేనేమో మా అమ్మకు ఫోన్ చేసి గొప్ప చెప్పుకున్నాను.

కర్నూల్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇన్నాళ్లు గడిచాక తిరిగి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. లవంగం, నిమ్మతొక్క రోజూ వాసన చూడమన్నాడు. ఆమె రెండు రోజులు చూసి, మూడో రోజు లవంగం చారులో వేసేసింది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "సంగంలో సెప్పగాకు. కోతపండగ వస్తాంది" అంది. ఆమె నన్ను సాయం అడగడం అదే మొదలు.

ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను ఆమె వెనకే ఉంటాను. గరిటె ముందు నా దగ్గరికి వస్తుంది, ఊరికే వేడి చూస్తున్నట్టు ఒక చుక్క నోట్లో వేసుకుంటాను. ఉప్పు తక్కువైతే ఆమె మోచేతిని ఒకసారి తాకాలి, ఎక్కువైతే రెండుసార్లు. ఇంట్లో చారుతో నాలుగైదుసార్లు చేసి చూసుకున్నాం కూడా. నాలుగోసారి నేను పొరపాటున మూడుసార్లు తాకితే, "మూడంటే ఏంది, పారబోయాలనా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నన్ను నమ్మింది.

కోతపండగ రోజు చర్చి ఆవరణంతా సందడి. కానుకలుగా తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, జొన్నల మూటలు, బుడ్డల సంచులు బల్లల మీద పెట్టి వేలం పాడుతున్నారు. వెనకపక్క పెద్ద డేగిసాలో మాంసం కూర ఉడుకుతోంది. ఆ రోజు ఒక చిక్కు వచ్చింది. సరుకులు తెచ్చినవాళ్లు కల్లుప్పు బదులు మెత్తుప్పు పొట్లాలు తెచ్చారు. అత్త పిడికిలికి కల్లుప్పే తెలుసు. మెత్తుప్పు పిడికిట్లో ఎక్కువ పడుతుంది, తగ్గించాలని తెలుసు, ఎంత తగ్గించాలో చేతికి తెలియదు. నా వైపు చూసి, "ఈడనే ఉండు" అంది.

ఉన్నాను. కాసేపున్నాను. ఇంతలో బల్ల దగ్గర నా డబ్బా ఎత్తారు. నేనూ ఒక డబ్బా మిరప ఉండలు కానుకగా ఇచ్చాను మరి. "చాక్లెట్టుండలంట, కడప కోడలు చేసిందంట" అని ఎవరో అరిచారు, అందరూ నవ్వారు. ఒక పెద్దాయన పాట మొదలుపెట్టాడు. ఇంకొకాయన పెంచాడు. కూర ఇంకా ఉడకాలి, ఇప్పుడే వస్తాననుకుని నాలుగడుగులు వేశాను. తర్వాత ఇంకో నాలుగు. ఇద్దరు పెద్దమనుషులు నా ఉండల కోసం పంతం పట్టి పాడుతుంటే వింటూ జనంలో నిలబడిపోయాను. మంచి పేరు వింటుంటే కాళ్లు కదలవు. ఆఖరి పాట అయ్యేదాకా, చప్పట్లు కొట్టేదాకా అక్కడే ఉన్నాను.

తిరిగి వచ్చేసరికి డేగిసా దించేశారు. మొదటి బంతి కూర్చుంది. విస్తళ్లలో కూర పడింది. నేను గరిటె అంచున ఉన్నది వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. నోరు కొట్టుకుపోయింది. అటు బంతిలో ఒక ముసలాయన ముద్ద మింగలేక నీళ్ల గ్లాసు వెతుక్కుంటున్నాడు. ఆయన పక్కామె నమలడం ఆపేసింది. అత్త అవన్నీ చూస్తోంది. తర్వాత నా వైపు చూసింది. నేను అత్తా అని మాత్రం అనగలిగాను.

ఆమె పమిట నడుముకు చుట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఆగండమ్మా, తినగాకండి. ఉప్పు ఎక్కువైంది. మా కోడలు సెప్పనే సెప్పింది, నేనే ఇనలే. నా నోరు పాయె. ఇంగ ఈడ ఉప్పు ఆయమ్మ సూస్తాది."

సెప్పనే సెప్పింది అంది. నేను చెప్పలేదని, అక్కడ లేనని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. నేను నోరు తెరిచి ఆ మాట కాదనొచ్చు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను తల వంచుకున్నాను, అంతే. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

వేడినీళ్లు పోసి, చింతపండు పిసికి, ఉర్లగడ్డలు కోసి వేసి కూరను మళ్లీ ఉడికించారు. విందు గంట ఆలస్యమైంది. ఎవరూ ఏమీ అనలేదు. "పోనీలే అక్కా, అయితాంటాది" అన్నారు. ముప్పై ఏళ్లు ఆమె ఊ కోసం ఆగినవాళ్లు ఆమె భుజం మీద చెయ్యేసి సముదాయిస్తుంటే ఆమె మొహం ఎంత చిన్నబోయిందో నేను చూడలేకపోయాను. మళ్లీ బంతి వేసినప్పుడు నా అరచేతిలో చుక్క పోశారు. ఊ అన్నాను. అత్త వెళ్లి మొదటి బంతిలో కూర్చుంది. నాకు తెలిసి ఆమె ఎన్నడూ మొదటి బంతిలో కూర్చోలేదు, అందరూ తిన్నాకే తినేది. వంచిన తల ఎత్తకుండా, వడ్డించినదంతా తినేసింది.

ఆ తర్వాత ఆమె వంటింట్లోకి రావడం మానేసింది. ముక్కలు పెద్దవన్నా అనదు, సంగటి గడ్డలు కట్టినా అనదు. ఏం పెట్టినా "బాగుండాదిమ్మా" అంటుంది. మేయ్ అనే మనిషి అమ్మా అంటోంది, ఎవరో పరాయింటి ఆడమనిషిని అన్నట్టు. ఆ మాట వింటే నాకు భయం వేసేది. ఒకరోజు కావాలనే సంగటి సరిగా కెలకకుండా గడ్డలుగా పెట్టాను. గడ్డలు వేలితో చిదుపుకుని తినేసి, చెయ్యి కడుక్కుని పోయింది. ఊళ్లో పెళ్లిళ్లకు నన్ను పిలుస్తున్నారు. ఉప్పు చూడమ్మా అంటున్నారు. చుక్క నోట్లో వేసుకుంటే, అత్త కుర్చీలో నేను కూర్చున్నట్టుంటుంది.

డిసెంబరులో క్రిస్మస్ డబ్బాలు మొదలయ్యాయి. పులిసిన ఉండల ఆమె కూడా మళ్లీ ఫోన్ చేసి, ఈసారి చూసి పంపండి అంది. మిరప ఉండలు చేశాను. రుచి చూసుకున్నాను, బాగున్నాయి. మా ఆయన బాగున్నాయన్నాడు. ఆడబిడ్డ బాగున్నాయంది, కానీ ముందు కొంచెం కొరికి చూసి. అత్త వరండాలో ఎండకు కూర్చుని బుడ్డలు ఒలుస్తోంది. అడిగే ధైర్యం లేక, ఒక ఉండ ఆమె పక్కన గిన్నెలో పెట్టి ఏమీ అనకుండా లోపలికి వచ్చేశాను.

మిగతావి డబ్బాల్లోకి సర్దుతూ కూర్చున్నాను. తర్వాత గడప దగ్గర నీడ పడింది.

"మేయ్" అంది.

చేతిలో పళ్లెం పక్కన పెట్టి తిరిగాను.

"ఇసక తగుల్తాంది."

"ఇసుకా? యాడత్తా?"

"పంటికింద కాదు. నాలికకు. ముందు సేసినేటివి నున్నగ జారిపోతాండె. ఇది గరగరమంటాంది. తొందరపడినావు."

నేనొకటి నోట్లో వేసుకున్నాను. ఏమీ తెలియలేదు. తీపి, చేదు, మిరప, అన్నీ అడ్డం వస్తున్నాయి. కళ్లు మూసుకుని, రుచి సంగతి మర్చిపోయి, నాలుకను అంగిటికి రుద్దుకుంటూ ఆగాను. ఉంది. సన్నగా, గుడ్డలో జల్లించని పిండిలా. క్రీము మరీ మరిగించి పోసినట్టున్నాను, చాక్లెట్ విరిగింది. ఎవరికీ తెలియనిది, రుచి తెలియని ఆమెకు తెలిసింది.

"మళ్లీ సెయ్యి" అంది. పోలేదు. పీట లాక్కుని వంటింట్లో కూర్చుంది.

నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే క్రీము పొయ్యి మీద పెట్టాను. ఆమె వైపు తిరగకుండా, గిన్నె చూస్తూ చెప్పేశాను. "అత్తా, ఆ రోజు నేను నీ వెనక లేను. నా డబ్బా పాట వింటా ఆడనే నిలబడిపోయినా. నువ్వు నా మీదికి రానీకుండా అబద్ధం చెప్పినావు. నేను నోరు మూసుకున్నా."

"తెల్సులే."

ఒలిచిన బుడ్డ పొట్టు చీర మీది నుంచి దులుపుకుంది.

"నేనూ ఇంటాంటి, యాడిదాకా పోతాదో నీ డబ్బా అని. కడప కోడలు చేసిందంట అని వాడు అరిస్తే నాకూ శానా సంతోషమాయె. ఇనుకుంటా ఇనుకుంటా ఇంగో పిడికిలి ఏసినట్టుండా."

నేను వెనక్కి తిరిగి ఆమెను చూశాను. ఆమె నన్ను చూడడం లేదు, పొయ్యి వైపు చూస్తోంది.

"మీగడ సూడు మేయ్, పొంగుతాంది" అంది. నేను మంట తగ్గించాను.